ఆశ్వయుజంలో పెరుగు

"పెరుగు లేదండి."

వడ్డిస్తున్న అమ్మాయి ఆ మాట ఎంత తాపీగా అందంటే, దొరబాబు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళయినా తద్దినమైనా ఆఖరి ముద్ద పెరుగుతోనే దిగాలి. పెరుగు లేకుండా విస్తరి మడవడమంటే అతని లెక్కలో భోజనం మధ్యలో లేచిపోయినట్టే.

"లేదంటే అయిపోయిందాండి?"

"అయిపోలేదు. ఎయ్యం."

"ఎందుకెయ్యరండి?"

"ఆశ్వయుజం వచ్చింది కదండి. కార్తీకం ఎళ్ళేదాకా ఈ ఇంట్లో పెరుగు ఎయ్యరు. ఆఖర్న పాలూ పటికబెల్లం పోత్తాను, కలుపుకోండి."

"పాలన్నం తినడానికి నేనేమన్నా చంటిపిల్లాణ్ణాండి? పోనీ ఓ ఆవకాయ ముక్క?"

"అదీ ఎయ్యం."

దొరబాబుకి చిర్రెత్తుకొచ్చింది. పొద్దుటి నుంచి హార్బర్లో క్రేన్ మీద, రేకు డబ్బాలాంటి కేబిన్లో ఉడికి వచ్చాడు. ఒంటి మీద ఇనప ఖనిజం దుమ్ము ఇంకా ఎర్రగా మెరుస్తూనే ఉంది. "ఇది హోటలా, ఆస్పత్రా అండి?" అన్నాడు గట్టిగా.

"ముందు గది ఆస్పత్రి, ఎనక గది హోటలు" అంది ఆ అమ్మాయి గరిటె దించకుండా. "మీరు ఎనక గదిలో కూసున్నారు గానీ, సూత్తే ముందు గదికి రావాల్సినోళ్ళలా ఉన్నారు."

పంక్తిలో వాళ్ళంతా ఘొల్లుమన్నారు. దొరబాబు మొహం కందిపోయింది. అతని ఎడం చెయ్యి మాత్రం, తనకు తెలియకుండానే, కడుపు మీద నొక్కుకుని ఉంది. ఆ అమ్మాయి ఇందాకట్నుంచీ చూస్తున్నది ఆ చేతినే.

"మంటా?" అంది, ఈసారి అతనికి మాత్రమే వినపడేలా.

"ఏం లేదండి."

"ఏటీ లేకపోతే ఆ సెయ్యి తియ్యండి."

తియ్యలేదు. తియ్యలేకపోయాడు.

అది స్టీల్ ప్లాంట్ కోసం ఊరంతా లారీలు తిరుగుతున్న కాలం. విశాఖ వన్ టౌన్లో, కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంది ఆ ఇల్లు. ఇంటాయన నీలకంఠం గారు ఆయుర్వేద వైద్యుడు. శృంగవరపుకోట దగ్గర పల్లెలో తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకుని, నాగలి అన్నదమ్ములకు వదిలేసి పట్నం వచ్చాడు. తను మందిచ్చి పంపిన రోగులు సందు చివర మిరపకాయ బజ్జీలు తింటూ కనపడేసరికి ఆయనకు ఒళ్ళు మండి, 'ఆ తిండీ నానే పెడతాను, ఏటి సేత్తారో సూత్తాను' అని వెనక గదిలో మెస్ తెరిచాడు. వంట కూతురు గౌరీశ్వరిది. తల్లి లేని ఆ పిల్లను పెంచిన నాయనమ్మ జోగమ్మ వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని, కూరగాయలతో పాటు వచ్చేపోయే వాళ్ళని కూడా తరుగుతూ ఉండేది.

దొరబాబు మర్నాడు ఇంకో హోటల్‌కి వెళ్ళాడు. మసాలా కూరా, పెరుగూ, ఆవకాయా అన్నీ తిన్నాడు. సాయంత్రం క్రేన్ కేబిన్లో కడుపులో నిప్పులు పోసినట్టయి కళ్ళు తిరిగాయి. కింద మనుషులున్నారు, పైన బరువు వేలాడుతోంది. ఎలాగో బరువు దించి, కేబిన్ నేల మీద చతికిలబడి కూర్చున్నాడు. అతనికి తండ్రి అచ్యుతరామయ్య గుర్తొచ్చాడు. ఆయన కూడా ఇలాగే కడుపు మీద చెయ్యి నొక్కుకుని కూర్చునేవాడు. దొరబాబు హైస్కూల్లో ఉండగానే కడుపులో పుండు పగిలి చనిపోయాడు. ఈ మంట సంగతి అమ్మకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకే ఎవరికీ చెప్పకుండా దాచుకొస్తున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కురుపాం మార్కెట్ వెనక సందులో తేలాడు.

"ఓలమ్మ, ఆ పెరుగు గుంటడు మళ్ళీ వచ్చేసినాడే!" అంది జోగమ్మ.

గౌరీశ్వరి విస్తరి వేసి, మొదటగా కాకరకాయ కూర వడ్డించింది.

"చేదండి" అన్నాడు దొరబాబు నోట్లో పెట్టుకుని.

"చేదే. మరి మీ మాట తియ్యగా ఉంటాదేటి?"

ముందు గదిలోంచి నీలకంఠం గారి గొంతు వినపడింది. ఆయనకి ఉపన్యాసం చెప్పే అవకాశం వస్తే వదిలే అలవాటు లేదు. "వానలకి ఒళ్ళు సల్లబడి ఉంటాది బాబూ. ఆశ్వయుజంలో ఎండ ఒక్కసారిగా కొడతాది. లోపల నక్కిన పిత్తం పైకి లెగుస్తాది. అప్పుడు పులుపూ కారం పెరుగూ పడేశావంటే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే. చేదు తిను, తీపి తిను, వగరు తిను. నెయ్యి ఏసుకో. ఋతువు మారితే కంచం మారాల."

ఆ రోజే దొరబాబు ఆయన కోపం కూడా చూశాడు. ఎదురుగా కూర్చున్న త్రినాథరావు అనే గుమాస్తా టిఫిన్ డబ్బాలో దొంగతనంగా తెచ్చుకున్న పెరుగు అన్నంలో వంపుకుంటూ దొరికిపోయాడు. "ఒక్క గరిటేనండీ వైద్యులుగారూ" అని బతిమాలాడు పాపం. నీలకంఠం గారు అరవలేదు, తిట్టలేదు. త్రినాథరావు చెప్పులు తెచ్చి గుమ్మం ముందు జతగా పెట్టి, "రేపట్నించి రాకండి" అన్నాడు. అంతే. త్రినాథరావు మళ్ళీ ఆ సందులో కనపడితే ఒట్టు.

దొరబాబు నోరు మూసుకుని తిన్నాడు. పాత బియ్యం అన్నం, పెసరకట్టు, పొట్లకాయ కూర, ఉసిరికాయా కొబ్బరీ కలిపి నూరిన పచ్చడి, ధారాళంగా ఆవు నెయ్యి, ఆఖర్న పాలూ పటికబెల్లం. మొదట్లో మందులా మింగాడు. అట్లతద్ది నాటికి, ఏ కూర ఎవరు తరిగారో ఎవరు తిరగమోత పెట్టారో రుచి చూసి చెప్పేంతవాడయ్యాడు. మంట తగ్గింది. ఎడం చెయ్యి కడుపు మీద నుంచి దిగింది. దిగి ఊరుకుందా? గౌరీశ్వరి వడ్డించేటప్పుడు దొరబాబు జుట్టు సర్దడం మొదలెట్టింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. నీలకంఠం గారి డాబా మీద ఒక ఇత్తడి బిందె ఉంటుంది. పగలు ఎండా రాత్రి వెన్నెలా తగిలిన ఆ నీళ్ళే ఈ ఋతువంతా ఆ ఇంట్లో తాగుతారు. వాన చుక్క పడితే ఆ నీళ్ళు పనికిరావని ఆయన నమ్మకం. గౌరీశ్వరి మూత కోసం వెతుకుతుంటే దొరబాబు గొడుగు పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఆమె మూకుడు పట్టుకుని పైకి వచ్చేసరికి అతను బిందె మీద గొడుగు పట్టి, తను నిలువునా తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"నాను తడుత్తన్నాను, కనబడతన్నాదా?" అంది గౌరీశ్వరి.

"కనపడతందండి. కానీ బిందె తడిస్తే మీ నాన్నగారు నా చెప్పులు జతగా పెట్టేత్తారండి."

ఆమె ఫక్కున నవ్వింది. రెప్పల మీద వాన చుక్కలు నిలిచి ఉన్నాయి. దొరబాబు వాటినే చూస్తూ గొడుగు సంగతి మర్చిపోయాడు. గొడుగు పక్కకి ఒరిగింది, బిందెలో వాన పడింది, ఆమె "అయ్యయ్యో!" అంటూ మూకుడు బోర్లించింది.

"నా మంట తగ్గిపోయిందండి" అన్నాడు.

"మంచిదే కదా. అయితే ఇంక రారేటి?"

"రోజూ వత్తానండి. జన్మంతా మీ చేతి కాకరకాయ తింటానండి. మీరు ఒప్పుకుంటే."

ఆమె నవ్వు ఆగిపోయింది. కాసేపు తడి మూకుడు వంకే చూసింది. "నన్నడిగితే ఏటి చెప్పను? నాన్ననడగండి" అంది. అని, దిగే ముందు వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకి అర్థం చెప్పడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

నీలకంఠం గారు దొరబాబు చెప్పిందంతా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "మీ అమ్మగారిని తీసుకురా బాబూ. పెద్దోళ్ళం మాటాడుకుంటాం. కానొకటి. పెళ్ళివారొచ్చారని నా ఇంట్లో ఋతువు మారదు. అందరికీ ఏది పెడతానో ఆవిడకీ అదే పెడతాను."

దొరబాబు గుండెల్లో రాయి పడింది.

వాళ్ళమ్మ కనకరత్నం సంగతి అతనికి తెలుసు. ఆవిడ వాకిట్లోకి పాత బాకీదారు వచ్చినా పెరుగన్నం పెట్టకుండా పంపదు. ఆవిడ పెరుగు గిన్నె బోర్లిస్తే పడదని ఊళ్ళో పేరు. దీపావళి ఇంకా మూడు రోజులుందనగా విశాఖ స్టేషన్లో రైలు దిగుతూనే కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఒళ్ళు చేశావేంట్రా!" అంది. సంతోషించాడు. రిక్షా ఎక్కాక విషయం చెప్పాడు. పెరుగు సంగతి ఆఖర్న, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏంటీ? కావాలనే వెయ్యరా? ఇంటికొచ్చిన వాళ్ళక్కూడానా?"

"ఈ రెండు నెలలేనమ్మా. ఆయన వైద్యుడు కదా..."

"వైద్యుడైతే మందులు పొయ్యాలి. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ మన గడపలోంచి ఒక్కడు పెరుగు తినకుండా వెళ్ళాడా? రేపు ఆ పిల్ల మనింటికొచ్చి చుట్టాల విస్తట్లో పాలు పోస్తే ఊళ్ళో నా తలెక్కడ పెట్టుకోను?" కనకరత్నం కొంగు నడుముకి బిగించింది. "రాజోలు సంబంధం వాళ్ళు నా మాట కోసం చూత్తన్నారు. రేపు భోజనానికి వత్తాను. పెరుగన్నం తిని లేస్తే తాంబూలాలు. లేకపోతే సాయంత్రం బండికి రాజోలు వాళ్ళకి మాటిచ్చి ఎక్కుతాను. ఇదిగో, నీ మీదొట్టు."

ఒట్టు కూడా వేసేసింది. ఇంకేం మిగిలింది? ఇటు పెరుగు వేస్తే గౌరీశ్వరి తండ్రి చెప్పులు జతగా పెడతాడు. వెయ్యకపోతే తల్లి రైలెక్కుతుంది. దొరబాబు అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

ఆ సాయంత్రం పెరటి గోడ దగ్గర గౌరీశ్వరిని పట్టుకున్నాడు.

"ఒక్క గరిటె గౌరీ. నేను తెస్తాను. మీ నాన్నగారికి తెలీకుండా..."

"త్రినాథరావు గారూ ఒక్క గరిటే అన్నారు."

"మనది పెళ్ళి!"

"మా నాన్న మాట మా నాన్నకి ఊపిరండి. నా చేత్తో ఆ ఊపిరి ఆపమంటన్నారా?"

"మరి నేనేం చెయ్యను? రేపు మా అమ్మ లేచిపోతే నువ్వు చూస్తూ నిలబడతావా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడ మీద చెయ్యి ఆనించింది. ఆఖరికి, "తెండి. ఏటి సేత్తానో నాకూ తెలీదు. తెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే దొరబాబు గేదె పెరుగు ముంత ఒకటి కొన్నాడు. దాన్ని తన క్రేన్ హెల్మెట్లో పెట్టి, పైన తువ్వాలు కప్పి, డ్యూటీకి వెళ్తున్నట్టు చంకలో ఇరికించుకుని పెరటి గుమ్మంలో అందించాడు. హార్బర్లో తన జతగాడు పోలిరాజుని కూడా సిద్ధం చేశాడు. పెరుగు వేళకి పోలిరాజు కడుపు పట్టుకుని ముందు గదిలోకి రావాలి. వైద్యులుగారు లేచి వెళ్ళాలి. ఆ సందు చూసి గరిటెడు పెరుగు విస్తట్లో పడిపోవాలి. పథకం బాగానే ఉంది. పథకాలెప్పుడూ బాగానే ఉంటాయి.

మధ్యాహ్నం కనకరత్నం పట్టుచీర కట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. పక్కన దొరబాబు. ఎదురుగా నీలకంఠం గారు తాటాకు విసనకర్ర పట్టుకుని చిన్న పీట మీద కూర్చున్నాడు. ఆయన మొహంలో ఏదో తేడాగా ఉంది. రోజూ ఉపన్యాసం చెప్పే మనిషి ఆవేళ నోరు మెదపడం లేదు. ఎవరూ మెదపడం లేదు. హార్బర్లో ఓడ కూత వినిపిస్తే అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

గౌరీశ్వరి వడ్డించింది.

కనకరత్నం కాకరకాయ తింది. బెల్లం వేసి మగ్గబెట్టిన కాకరకాయ. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పొట్లకాయ తింది. పెసరకట్టు కలుపుకుని, మళ్ళీ పోయమన్నట్టు చెయ్యి చూపించింది. దొరబాబుకి ప్రాణం లేచొచ్చింది.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?" అని అడిగింది జోగమ్మ గుమ్మంలోంచి.

"ఉప్పుకేం లోటండి. కారమే ఎక్కడా తగల్లేదు."

ప్రాణం మళ్ళీ పోయింది.

చారు అయింది. సరిగ్గా అప్పుడు ముందు గదిలో "అమ్మో, అబ్బో, సచ్చాన్రో" అంటూ పోలిరాజు ప్రవేశించాడు. నాటకంలో హరిశ్చంద్రుడి వేషం కట్టినవాడు కూడా అంత ఏడవడు.

"ఎవురది?" అన్నాడు నీలకంఠం గారు కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

"నానేనండీ వైద్యులుగారూ, కడుపులో పోటండీ!"

"నోరంత గట్టిగా లెగుత్తన్నాదంటే భయం లేదు. కూసో. ఇంట్లో చుట్టాలున్నారు."

పోలిరాజు కూర్చున్నాడు. మూలుగు కూడా ఆపేశాడు.

విస్తట్లో ఆఖరి అన్నం పడింది. కనకరత్నం దాన్ని మధ్యలో గుంట చేసి, తలెత్తి చూసింది.

"పెరుగమ్మా?"

గౌరీశ్వరి తండ్రి వైపు చూడలేదు. దొరబాబు వైపూ చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి, ముంత రెండు చేతులా పట్టుకుని వచ్చింది. దొరబాబు కళ్ళు మూసుకున్నాడు.

ముంత విస్తరి దగ్గరికి పోలేదు. తండ్రి ముందు నేల మీద పెట్టింది.

"నాన్నా, ఇది వాళ్ళబ్బాయి తెచ్చారు. నాను తెమ్మన్నాను. తప్పు ఇద్దరిదీ. నీకు తెలీకుండా వడ్డించేద్దారని అనుకున్నాం. నా సెయ్యి రాలేదు."

కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు దొరబాబు మొహంలో. నీలకంఠం గారు ముంత వంక చూశాడు, దొరబాబు వంక చూశాడు. లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. చెప్పులకే వెళ్ళాడనుకున్నాడు దొరబాబు. లేవబోయాడు కూడా.

నీలకంఠం గారు తిరిగి వచ్చాడు. ఆయన చేతుల్లో చెప్పులు లేవు. తడిగుడ్డ చుట్టిన ఇంకో ముంత ఉంది. మొదటి ముంత పక్కన పెట్టి, గుడ్డ విప్పాడు. పెరుగు.

"ఓరి నీ..." అంది జోగమ్మ. మాట పూర్తి చెయ్యలేదు.

"పొద్దున్నే తలకి తువ్వాలు కప్పుకుని ఎళ్ళి కొన్నాను" అన్నాడు ఆయన ఎవరి మొహమూ చూడకుండా. "లేహ్యం జాడీల ఎనకాల దాసినాను. కోనసీమోళ్ళు పెరుగు లేనిదే పీట మీంచి లెగరని నాకు తెలీదేటి? త్రినాథరావుని ఎళ్ళగొట్టిన మనిషినే. ఏటి సెయ్యమంటావ్? తల్లి లేని పిల్ల. గరిటెడు పెరుగు కోసం దాని బతుకు ఆపితే రేపు నాకు అన్నం దిగుద్దా? ఏసెయ్యి గౌరీ. ఆవిడ విస్తట్లో ఎయ్యి."

గౌరీశ్వరి ఏడుస్తోంది. ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

"నాను ఎయ్యను నాన్నా."

"గౌరీ!"

"ఎయ్యను. ఈ ముంతతో నీ మాట పోతే ఆ పెళ్ళి నాకొద్దు." ఆమె కనకరత్నం వైపు తిరిగింది. "మిమ్మల్ని తక్కువ సెయ్యాలని కాదమ్మా. మీ అబ్బాయి మొదటిరోజు కడుపు పట్టుకుని ఇదే పీట మీద కూసున్నారు. ఆ మంట సూసే నాను పెరుగు ఎయ్యలేదు. తిట్టారు. అయినా ఎయ్యలేదు. అప్పుడు ఎయ్యనిదాన్ని, ఇప్పుడు నా పెళ్ళి కోసమని ఎలా ఎయ్యను?"

కనకరత్నం చెయ్యి విస్తట్లో ఆగిపోయింది.

"మంటా? ఎవరికి?" అంది. కొడుకు వైపు తిరిగింది. "ఏరా? నీకా?"

దొరబాబు తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదై ఉంటుందమ్మా. ఓసారి క్రేన్ మీద కళ్ళు తిరిగాయి. నాన్న సంగతి గుర్తొచ్చి నీకు చెప్పలేదు. ఇప్పుడు లేదమ్మా. ఇక్కడ తిన్నాకే పోయింది."

ఆవిడ పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది కోపమో దుఃఖమో ఎవరికీ అంతుపట్టలేదు. విసనకర్ర ఆగిపోయింది.

"వీళ్ళ నాన్నకీ అదే మంట" అంది చివరికి. "రోజూ చెయ్యి ఇలా పెట్టుకుని కూర్చునేవారు. డాక్టరు ఒద్దన్నాడు. ఆవకాయ ఒద్దు, పులిసిన పెరుగు ఒద్దు అన్నాడు. ఈయనేమో 'రత్తమ్మా, ఒక్క ముక్క' అనేవారు. అడిగారు కదా, మొగుడు కదా, ఎలా ఒద్దంటాను? వేసేదాన్ని. ప్రేమనుకునేదాన్నండి. నా చేత్తో నేనే వేశాను. ఆ ఇంట్లో ఆయనకి ఒద్దు అని చెప్పే మనిషి లేకపోయింది."

దొరబాబు అమ్మ ఏడవగా చూడటం తండ్రి పోయిన రోజు తర్వాత అదే. లేచి పక్కన కూర్చున్నాడు. ఆవిడ కొడుకు చెయ్యి తీసుకుని, ఆ చేతినే పరీక్షగా చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని గౌరీశ్వరిని పిలిచింది.

"ఇలా రా అమ్మా. పాలూ పటికబెల్లం అన్నావుట కదా. పొయ్యి."

గౌరీశ్వరి పోసింది. కనకరత్నం పాలన్నం కలుపుకుని, ఆఖరి మెతుకు దాకా తింది. తిని, విస్తరి మడిచింది. తనవైపుకి మడిచింది. వియ్యం కలుపుకునేవాళ్ళు మడిచే పద్ధతి అది. జోగమ్మ అది చూసి, పమిటతో మొహం కప్పుకుని "ఓలమ్మ!" అంది.

"ఒట్టు వేశావు కదమ్మా, పెరుగన్నం తింటేనే అని" అన్నాడు దొరబాబు, ఇంకా నమ్మకం కుదరక.

"నీ మీద వేసిన ఒట్టే కదరా? నువ్వు గట్టిగానే ఉన్నావు. అది చాలు, ఒట్టు తీరిపోయింది." ఆవిడ నీలకంఠం గారి వైపు తిరిగింది. గుమ్మంలోకి వస్తూ వైద్యులుగారూ అని పిలిచిన నోరు ఈసారి వేరే మాట అంది. "అన్నయ్యగారూ, మీరు ఓడిపోయారండి. మీ అమ్మాయి గెలిచింది."

నీలకంఠం గారికి అన్నయ్య అన్న మాట వినపడ్డాక మిగతాది వినపడలేదు. ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. "కూతురి సేతిలో ఓడిపోతే తప్పులేదమ్మా" అన్నాడు.

"అయితే ఈ రెండు ముంతలూ ఏటి సేత్తాం?" అంది జోగమ్మ. "ఆశ్వయుజంలో పెరుగు ఎరగని కొంపలో ఒకే రోజు రెండు ముంతలు!"

"సందులో పారబోత్తాను" అని లేచాడు నీలకంఠం గారు.

"పెరుగు పారబోస్తారా? పాపం కాదూ!" కనకరత్నం కొంగు బిగించింది. "పెరుగు ఒద్దు గానీ నెయ్యి మంచిదే కదండీ మీ ఋతువుకి? రెండూ ఒకే కుండలో పోయించండి. చిలికితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి. పెళ్ళికి మొదటి దీపం ఆ నేతితోనే పెడదాం."

నీలకంఠం గారు ఆలోచించాడు. శాస్త్రంలో ఎక్కడా అభ్యంతరం దొరకలేదు. "మరి మజ్జిగో?"

"నాకు పోసీండి!" అన్నాడు ముందు గదిలోంచి పోలిరాజు. "నాకు కడుపు నొప్పి లేదండి, ఏటీ లేదండి. పొద్దున్నించి ఏటీ తిననేదు."

అందరూ నవ్వారు. నీలకంఠం గారు కూడా నవ్వాడు. ఆయన నవ్వితే పళ్ళు ఎలా ఉంటాయో దొరబాబు అప్పుడే చూశాడు.

పెరట్లో కవ్వం గుంజకి కట్టారు. కనకరత్నం తాడు ఒక కొస కొడుకు చేతికి, ఇంకో కొస కోడలి చేతికి ఇచ్చి, "చిలకండి" అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల నుంచి జోగమ్మని కూడా లాక్కుపోయింది.

దొరబాబు లాగాడు. తాడు తన వైపు జారింది. గౌరీశ్వరి లాగింది. మళ్ళీ ఆమె వైపు పోయింది.

"మీరు క్రేన్ లాగినట్టు లాగుతన్నారు. మెల్లిగా" అంది.

"నా మీద కోపం పోయిందా?"

"దేనికి?"

"పెరుగు తెచ్చినందుకు."

ఆమె ఆలోచించినట్టు మొహం పెట్టింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, పెదాలు మాత్రం మాట వినడం లేదు. "కార్తీకం ఎళ్ళాక సెప్తాను" అంది.

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా కాకరకాయ."

సందు చివర నుంచి మిరపకాయ బజ్జీల వాసన గాలికి వచ్చింది. దొరబాబు అటు తల తిప్పలేదు. కుండలో రెండు ముంతల పెరుగూ కలిసిపోయి, పైకి మొదటి వెన్న పూసలు తేలుతున్నాయి. ఏ పూస ఏ ముంతదో ఇక ఎవరూ చెప్పలేరు.

"లాగండి, ఆపేసినారేటి?" అంది గౌరీశ్వరి.

లాగాడు.